జోషీ పుట్టినరోజు, మామ్మ పుట్టినరోజు

మన ఏలూరులో నేను మొట్టమొదట చూసిన ఇంటి కంప్యూటర్ ఎవరింట్లో ఉండేదని కదరా చిన్నోడా నువ్వడిగింది? ఒకరింట్లో ఉంటే కదా చెప్పడానికి! మూడిళ్ళు కలిస్తేగానీ అది కంప్యూటర్ అయ్యేది కాదు. మిషను పవర్‌పేటలో ఒక డాక్టరుగారింట్లో ఉండేది. బొమ్మ కనపడాలంటే టీవీ కావాలి, అది వెనక వీధిలో కలప అడితి షావుకారుగారింట్లో. ప్రోగ్రాం ఎక్కించాలంటే టేప్‌రికార్డర్ కావాలి, మంచిది లెక్చరరుగారి దగ్గరుండేది. ఆ మూడింటినీ ఒకచోట చేర్చి, తీగలు కలిపి, పొగ రాకుండా కాపలా కాసేవాణ్ణి నేను. టీవీని ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో తెచ్చేవాణ్ణి. ఆదివారం సాయంత్రం మాత్రం అది షావుకారుగారి గడప దాటేది కాదు. దూరదర్శన్‌లో హిందీ సినిమా వచ్చేది. ఆ ఇంట్లో ఒక్కరికీ హిందీ ముక్క రాదు, అయినా వీధి వీధంతా వచ్చి కూర్చునేది.

1985 నాటి మాట. అప్పటికి నాకు ముప్ఫై ఐదేళ్ళు. రేడియోలు బాగుచేసే కొట్టుండేది, దాంతోపాటు పెళ్ళిళ్ళకీ జాతరలకీ మైక్‌సెట్టు. డాక్టరుగారి బావమరిది లండన్ నుంచి వస్తూ మేనల్లుడికి ఒక నల్లటి మిషను తెచ్చాడు. జానెడు వెడల్పు, మీద బూడిదరంగు రబ్బరు మీటలు. సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. 1982లో ఇంగ్లాండులో అమ్మకానికి పెట్టినప్పుడు దాని 48కె రకం 175 పౌండ్లు. నలభై ఎనిమిది కె అంటే ఎంతో తెలుసా? నిన్న నువ్వు పిడకల దండ మెళ్ళో వేసుకుని ఫొటో దిగావు, నాలుగు ఎంబీ ఉందని నువ్వే చూపించావు కదా. ఆ ఒక్క ఫొటో పెట్టాలంటే అలాంటి మిషన్లు ఎనభై పైన కావాలి. నవ్వకు. ఆ 48కె లోనే ఆటలు, లెక్కలు, బొమ్మలు, కుర్రాడి ప్రపంచం మొత్తం.

తెచ్చినాయన రెండు రోజులుండి వెళ్ళిపోయాడు. మిషను పెట్టారు, టీవీకి తగిలించారు, తెరంతా చీమలే. కంప్యూటర్ పాడైపోయిందని నాకు కబురు. నేను వెళ్ళి పుస్తకం చదివితే అసలు సంగతి బయటపడింది. ఇంగ్లాండు టీవీల కోసం అది యూహెచ్‌ఎఫ్‌లో 36వ ఛానెల్ మీద బొమ్మ పంపుతుంది. మన టీవీ నాబ్ తిప్పితే 12 దగ్గర ఆగిపోయేది. మిషనులో లోపమూ లేదు, టీవీలో లోపమూ లేదు. ఒకడు పాడేది ఇంకొకడికి వినపడదు, అంతే.

అప్పుడు నేనేం చేశానంటే, స్పెక్ట్రమ్ మూత విప్పి, లోపల మాడ్యులేటర్ అనే చిన్న రేకు డబ్బా ఉంటుంది, దాంట్లోకి వెళ్ళే వీడియో తీగని బయటికి తీశాను. ఇటు టీవీ వెనక విప్పి, డిటెక్టర్ దాటాక వీడియో ఎక్కడ మొదలవుతుందో అక్కడ అతికించాను. ఇలా చెప్తే తేలిక. ఆ రోజుల్లో కొన్ని టీవీలకి ట్రాన్స్‌ఫార్మరే ఉండేది కాదు, చాసిస్‌ మీదే కరెంటు పారేది. తెలీక తగిలిస్తే మిషను మాడేది, పట్టుకున్న పిల్లాడూ మాడేవాడు. మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టాను. అది టీవీ కంటే బరువు.

షావుకారుగారిది ఇసి టీవీ. ఆ కంపెనీ సంగతి మీకు చెప్పాలి. ఇసిఐఎల్. హైదరాబాద్‌లో 1967లో మొదలైంది, దాన్ని నిలబెట్టినాయన అయ్యగారి సాంబశివరావుగారు, ఎ.ఎస్. రావు అంటారు. మన మొగల్లు ఆయనే! భీమవరం పక్కన మొగల్లు. కాశీలో చదువుకుని, స్టాన్‌ఫర్డ్ వెళ్ళొచ్చి, అణుశక్తి వాళ్ళ దగ్గర పనిచేశారు. ఆ కంపెనీ 1969లోనే టీడీసీ-12 అని మనవాళ్ళ చేతుల మీదుగా కంప్యూటర్ చేసింది. హైదరాబాద్‌లో ఎ.ఎస్. రావు నగర్‌లో ఫ్లాట్లు కొనుక్కున్న మనవాళ్ళు ఎంతమందో! ఆ పేరు మన జిల్లావాడిదని వాళ్ళలో ఎందరికి తెలుసో అడిగి చూడండర్రా.

సరే, బొమ్మ వచ్చింది. తెల్లటి తెర, కింద ఇంగ్లీషులో కంపెనీ పేరు. అంతే. ఇంకేం చెయ్యదు. ఊరికే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. డాక్టరుగారు కాసేపు చూసి, "ఏం చేస్తుందయ్యా ఇది?" అన్నారు. "మనం చెప్పింది చేస్తుందటండి" అన్నాను. "మనకేం చెప్పాలో తెలీదే" అన్నారాయన. కుర్రాడికి తెలిసింది. వాడికి పన్నెండేళ్ళు. ఒక్కో మీట మీద ఐదారు మాటలు అచ్చేసి ఉండేవి. పి నొక్కితే ప్రింట్, జె నొక్కితే లోడ్. వారం తిరిగేసరికి వాడు మీటల వంక చూడకుండా కొట్టేస్తున్నాడు.

టేపు సంగతి చెప్తాను, అది నా డిపార్ట్‌మెంటు. ప్రోగ్రాం అంటే మామూలు పాటల క్యాసెట్ మీద కీచుమనే చప్పుడు. ప్లే నొక్కితే తెర అంచుల్లో చారలు పరిగెత్తుతాయి. 48కె నిండా ఎక్కాలంటే ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ గదిలో ఎవరూ గట్టిగా తుమ్మకూడదని కుర్రాడి ఆర్డరు. తుమ్ముకీ దానికీ సంబంధం లేదని చెప్పినా వినడు. నాలుగున్నర నిమిషాల దగ్గర కరెంటు పోయేది. లేకపోతే "టేప్ లోడింగ్ ఎర్రర్" అని ఒక్క ముక్క పడేసి ఊరుకునేది. అప్పుడు నేను చిన్న స్క్రూడ్రైవర్ తీసి, టేప్‌రికార్డర్ హెడ్ పక్కన మర ఉంటుందే, దాన్ని వెంట్రుకవాసి తిప్పేవాణ్ణి. చెవితో వింటూ తిప్పాలి. కీచు పదునెక్కిందంటే హెడ్ నిటారుగా నిలబడ్డట్టు. మీ నాన్నకి ఈ పని నేర్పుదామనుకున్నాను గానీ, వాడు నేర్చుకునే వేళకి క్యాసెట్లే పోయాయి.

ఒకసారి ఎవరో టేప్‌రికార్డర్ అడాప్టర్ తెచ్చి స్పెక్ట్రమ్‌కి గుచ్చేశారు. అదీ 9 వోల్టులే, ఇదీ 9 వోల్టులే. కానీ స్పెక్ట్రమ్‌కి పిన్ను మధ్యలో మైనస్, వాళ్ళు తెచ్చినదానికి ప్లస్. లోపల ఒక బుల్లి ట్రాన్సిస్టర్ పోయింది, దాంతో కింది 16కె మెమరీకి కావాల్సిన మూడు రకాల వోల్టేజీల్లో రెండు పోయాయి. 4116 అనే చిప్పులు ఎనిమిది ఉంటాయి, అందులో కొన్ని దెబ్బతిన్నాయి. చిప్పులు మద్రాసు రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించాను. వేడి చేసి, ఊడదీసి, కొత్తవి పెట్టి, స్విచ్చి వేస్తే తెల్ల తెర వచ్చింది. ఆ రోజు డాక్టరుగారింట్లో నాకు పాయసం. ఇప్పుడు మీ ఫోను కిందపడితే విప్పడానికి మర కూడా కనపడదు. నాకదొక్కటే కోపం మీ కాలం మీద, మిగతాదంతా బాగానే ఉంది.

ఆ రోజుల్లోనే ఢిల్లీ వాళ్ళు బళ్ళలో కంప్యూటర్ చదువని 1984-85లో ఒక పథకం పెట్టారు, క్లాస్ అని. దేశమంతా కలిపి మొదట 250 బళ్ళకి, బీబీసీ మైక్రోలు. 1986లో డెసిబెల్స్ అనే కంపెనీ స్పెక్ట్రమ్ ప్లస్‌ని లైసెన్సు తీసుకుని మన దేశంలోనే అమ్మింది. ఇంకో పక్క బ్యాంకుల్లో కంప్యూటర్లు వద్దని, ఉద్యోగాలు పోతాయని యూనియన్ల గొడవ. అన్నీ ఒకేసారి. కానీ నేను చెప్పాలనుకున్నది ఇవేవీ కాదు, కొల్లేటికోట సంగతి.

ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతర. నా మైక్‌సెట్టు ఏటా అక్కడే. 1987లో డాక్టరుగారబ్బాయి నేనూ వస్తానని పేచీ పెట్టాడు, కంప్యూటర్ తెస్తానన్నాడు. వాళ్ళమ్మకి రెండు భయాలు, పిల్లాడు నీళ్ళలో పడతాడేమోనని, మిషను నీళ్ళలో పడుతుందేమోనని. ఆ రోజుల్లో కోటకి పడవే దారి. కిక్కిస దుబ్బుల మధ్య నుంచి పడవ, మధ్యలో యాంప్లిఫయర్లు, హార్న్‌లు, కారు బ్యాటరీలు, దుప్పట్లో చుట్టిన పోర్టబుల్ టీవీ. స్పెక్ట్రమ్ మాత్రం వాడి చొక్కా లోపల. పన్నెండు వోల్టుల బ్యాటరీని తొమ్మిదికి దించడానికి డయోడ్లు నాలుగు వరసగా కట్టాను. అవి కాలి చురుక్కుమనేవి.

అప్పటికే జాతరలో "కంప్యూటర్ జాతకం" అని రంగుబల్బుల కొట్టొకటి ఉండేది. లోపల కంప్యూటర్ లేదు, ఒక టైపు మిషను, ఒక మనిషి. మావాడికి ఒళ్ళు మండిపోయింది. మనది అసలుది కదా మావయ్యా, ఉత్తినే చూపిద్దాం అన్నాడు. వాడు ఒక ప్రోగ్రాం రాసుకొచ్చాడు. పుట్టిన తారీఖు కొడితే ఏ వారమో చెప్పేది. వారం పేరు తెలుగులో రావాలని వాడి పట్టుదల. దానికి తెలుగు ఏదీ? స్పెక్ట్రమ్‌లో మనకిష్టమైన గుర్తులు గీసుకోవడానికి 21 జాగాలుండేవి. ఒక్కోటి ఎనిమిది గళ్ళు అడ్డం, ఎనిమిది నిలువు. గళ్ళ కాగితం మీద నల్లగా నింపుకుంటూ అక్షరాలు గీశాడు. ఆది నుంచి శని దాకా ఏడు వారాలకీ, "వారం" తో కలిపి, పదిహేడు గుర్తులు సరిపోయాయి. కావాలంటే లెక్కపెట్టుకోండి. శుక్రవారంలో "క్ర" ఒక్కటే నత్త పాకినట్టు వచ్చేది. మిగిలిన నాలుగు జాగాల్లో ఒక చేప, ఒక పడవ, ఒక గూడబాతు, ఇంకొకటి వాడి పేరులో మొదటి అక్షరం.

చూడ్డానికి జనం విరగబడ్డారు. కానీ ముందుకొచ్చిన మొదటి మనిషిని "పుట్టిన తారీఖు చెప్పండి" అంటే, "ఉప్పెన ముందు" అన్నాడు. రెండో ఆవిడ, "గాంధీగారు పోయాక" అంది. ఇంకొకాయన, "మా నాన్న దోనె కొన్న యేడు." ఒక్కడు తారీఖు చెప్తే ఒట్టు! లంకల్లో పురుళ్ళు ఇళ్ళలోనే, కాయితం ఎవరు రాశారు? మావాడు విసుగొచ్చి "యూపీపీఈఎన్ఏ" అని కొట్టాడు. తెర మీద "వేరియబుల్ నాట్ ఫౌండ్" అని వచ్చింది. చదివి అర్థం చెప్పమన్నారు. "వెతికింది, దొరకలేదంటోంది" అన్నాను. వెనక నుంచి ఒక ముసలాయన, "దానికి ఉప్పెన తెలీదా? ఏం కంప్యూటరయ్యా!" అన్నాడు. అందరూ నవ్వారు. మావాడు నవ్వలేదు.

రాత్రి జనం పల్చబడ్డాక పెట్రోమాక్స్ కింద కూర్చుని ప్రోగ్రాం మార్చేశాడు. వీళ్ళకి తారీఖులు తెలీవు గానీ లెక్కలు తెలుసు మావయ్యా అన్నాడు. ఫలానా సంగతి జరిగిన ఇన్నో రోజున అని చెప్పగలరు. అందుకని దానికి కొన్ని సంగతులు నేర్పాడు. స్వతంత్రం వచ్చింది 1947 ఆగస్టు 15. గాంధీగారు పోయింది 1948 జనవరి 30. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1. ఉప్పెన 1977 నవంబరు 19. ఈ నాలుగూ గుంజలు. వాటికి ముందా, తర్వాతా, ఎన్ని రోజులు అని అడుగుతుంది. నిద్ర కళ్ళతో నేను తారీఖులు చెప్తుంటే వాడు కొట్టుకుంటూ పోయాడు.

మర్నాడు ఆ ముసలాయనే ముందు వచ్చాడు. "ఉప్పెన ఏ వారం వచ్చిందో చెప్పమను, చూద్దాం" అన్నాడు. మావాడు కొట్టాడు. చేప బొమ్మ, దాని పక్కన "శనివారం." ముసలాయన నోరు తెరవలేదు కాసేపు. దివిసీమలో ఆయన చెల్లెల్ని ఇచ్చారు. పదివేల మంది పైగా పోయిన ఉప్పెన అది, ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు. "శనివారమే" అన్నాడు, "రాత్రి." ఇంక ఆ కంప్యూటర్‌ని అక్కడెవరూ అనుమానించలేదు.

ఒక తల్లి తొమ్మిదేళ్ళ కొడుకుని ముందుకి తోసింది. ఉప్పెన తర్వాత పదో రోజున పుట్టాడు అంది. మంగళవారం అని వచ్చింది. ఆవిడ అత్తగారి వైపు తిరిగి, "చూశావా, సోమవారం సోమవారం అని తినేశావు నన్ను" అంది. మంగళవారం పుట్టాడని తేలినందుకు సంతోషమా, అత్త ఓడినందుకా? నన్నడిగితే రెండోదే. అత్తగారు మాత్రం తగ్గలేదు. తెల్లారకుండా పుట్టాడు కాబట్టి ముందురోజు లెక్క అని ఒకటి, మీ మిషనుకి సూర్యోదయం తెలుసా అని ఇంకొకటి. తెలీదని ఒప్పుకోక తప్పలేదు మాకు.

ఆ ప్రోగ్రాం దాచుకోవడానికి ఖాళీ క్యాసెట్ లేదక్కడ. నా దగ్గర ఘంటసాల భగవద్గీత ఉంటే, వెనక చిల్లుకి ప్లాస్టర్ అంటించి, చివర మిగిలిన ఖాళీలో రికార్డు చేశాడు. ఆ సంగతి మైక్ దగ్గర కూర్చునే కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే గీత పెట్టాడు. గీత అయిపోయింది, నాలుగు హార్న్‌ల్లోంచీ కొల్లేరు మీదికి స్పెక్ట్రమ్ కీచు మొదలైంది! పరజలు గుంపులు గుంపులుగా లేచిపోయాయి. స్నానాలు చేస్తున్నవాళ్ళు తడిబట్టల్తో పరిగెత్తుకొచ్చారు. పూజారిగారు నా దగ్గరికి వచ్చి, "ఇది ఏ అధ్యాయమయ్యా?" అన్నారు. అంత ఎటకారం మన గోదావరి జిల్లాల్లోనే అనుకునేవాణ్ణి, అది కృష్ణా జిల్లా అప్పుడు. ఇప్పుడు కొత్త జిల్లాలొచ్చాక అదీ ఏలూరు జిల్లాలోకే వచ్చిందిలే.

తర్వాత కుర్రాడు చదువుకి వెళ్ళిపోయాడు, అక్కణ్ణుంచి అమెరికా. నేను తాడేపల్లిగూడెం మకాం మార్చాను. అక్కడ బియ్యం మిల్లులు, నూనె మిల్లులు, ఉల్లిపాయల మార్కెట్టు, యాంప్లిఫయర్లకీ స్టెబిలైజర్లకీ పని బాగుండేది. 1990 దాటాక ఒక మిల్లులో కంప్యూటర్ పెట్టారు, కరెంటు పనులు నాకిచ్చారు. ఇది ఇంటిది కాదు, ఆఫీసుది. 640కె మెమరీ, 20 ఎంబీ హార్డ్ డిస్కు, అరచేతి కంటే పెద్ద ఫ్లాపీలు. దానికి ఏసీ గది కట్టారు. మిల్లు ఓనరుగారి గదికి ఏసీ లేదు, ఫ్యానే. చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. దసరాకి మానిటర్‌కి పసుపు, కుంకుమ, సీపీయూ ముందు నిమ్మకాయ. గుమాస్తాగారు లెవీ బియ్యం లెక్క నోటితో చెప్పేసి, తర్వాత అదే కంప్యూటర్‌లో కొట్టి, ప్రింటు తీసి, రెండూ ఒకటేనని సంతకం పెట్టేవారు. కంప్యూటర్‌ని ఆయన తనిఖీ చేస్తున్నారన్నమాట.

జనవరిలో ధాన్యం సీజన్ మీదున్నప్పుడు ఒకనాడు పొద్దున్నే మిషను వేస్తే పని ఆగిపోయింది. "హ్యాపీ బర్త్‌డే జోషీ" అని టైపు చెయ్యమని ఇంగ్లీషులో అడుగుతోంది. జోషీ ఎవరు? మిల్లులో జోషీలు లేరు. గుమాస్తాగారు బియ్యం వ్యాపారుల చిట్టా తిరగేశారు, నాగపూర్ వైపు ఎవరైనా ఉన్నారేమోనని. ఫోన్ చేస్తే విజయవాడ నుంచి ఒక కుర్రాడు చెప్పాడు, అది వైరస్ అని, మన దేశంలోనే బయటపడిందని, ప్రతి జనవరి 5న ఇలా అడుగుతుందని, అడిగింది కొడితే వదిలేస్తుందని. వైరస్ అన్న మాట వినగానే ఏసీ గదిలోంచి ఇద్దరు బయటికొచ్చేశారు, అంటుకుంటుందేమోనని. గుమాస్తాగారు ధైర్యంగా కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఎవరో తెలీని జోషీకి శుభాకాంక్షలు కొట్టారు. పని మొదలైంది. ఆ తర్వాత ప్రతి జనవరి 5న ఆయన సెలవు పెట్టేవారు, ఆ మిషను పోయి కొత్తది వచ్చాక కూడా.

ఆ పైన సంగతులు మీ అమ్మానాన్నలకి తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. టైపు ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు చెరిగి కంప్యూటర్ బోర్డులు లేచాయి. రెండువేల సంవత్సరం గండమని ప్రపంచమంతా గాబరాపడితే, ఆ గండం పుణ్యాన గూడెం కుర్రాళ్ళు ఎంతోమంది విమానం ఎక్కారు. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టారు. 2002 ప్రాంతంలో మన పశ్చిమగోదావరిలో మండలాల్లో ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి, వాటిని డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళే నడిపారు. అది నాకు బాగా నచ్చింది. గడప దాటి ఎరగని ఆవిడ, మౌస్ పట్టుకుని, కరెంటు బిల్లు కట్టించుకుని, చిల్లర లేదని మగాళ్ళని కసిరేది. గూడెంలో నిట్ వచ్చింది 2015లో, మన బుజ్జమ్మ చదువుతోంది కదా అక్కడ. కొల్లేట్లో సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు పేల్చింది 2006లో. కొల్లేటి హద్దని పెట్టిన ఐదో కాంటూరు గీత ఎవరి చెరువు మీంచి పోయిందో మ్యాపు చూసి చెప్పారు. మన ముసలాళ్ళు కొల్లేటి హద్దు ఏటేటా నీరు చెప్తుందనేవాళ్ళు. గీత మాట వేరు.

అలాగని నాకు ఈ కాలం మీద ఏడుపేం లేదర్రా. మీ బాబాయి చూడండి, చెరువు గట్టు మీద కూర్చుని హౌరా మార్కెట్లో చేప ధర, రొయ్య వంద కౌంటు ఎంత పలుకుతోంది, ఫోన్లో చూసి గానీ దళారీతో మాట కలపడు. మా నాన్న కాలంలో దళారీ చెప్పిందే వేదం. ఇదొక్కటి చాలు, నేను ఫోన్‌కి దణ్ణం పెడతాను.

ఇంక మామ్మ సంగతి. ఆధార్ కార్డులు తీసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆపరేటర్ కుర్రాడు, "పుట్టిన తేదీ?" అన్నాడు. ఆవిడది పోలవరం వైపు. "గోదారి పెద్ద వరద వచ్చిన యేడు, నీళ్ళు తీసిన మూడో నాడు, అరుగు మీద" అంది. 1953 ఆగస్టు వరద అది. కుర్రాడు మంచివాడే, పాపం, వెనక పెద్ద క్యూ ఉంది. "వయసెంతుంటుందమ్మా సుమారుగా?" అన్నాడు. ఈవిడ ఒక అంకె చెప్పింది, ఆడవాళ్ళు చెప్పే అంకె, రెండేళ్ళు తక్కువ. మిషనే లెక్కేసుకుని జనవరి ఒకటి, 1955 అని పెట్టేసింది. తారీఖు తెలీనివాళ్ళందరికీ జనవరి ఒకటే. మన లంకలో నా ఈడువాళ్ళ కార్డులు చూడండి, సగం మంది ఒకే రోజున పుట్టారు. మంత్రసాని ఆ రోజు ఎలా నెగ్గుకొచ్చిందో! ఆ తారీఖు మీదే పింఛను, ఆ తారీఖు మీదే బ్యాంకు ఖాతా.

నాకు డాక్టరుగారబ్బాయి గుర్తొచ్చి, కుర్రాడికి చెప్పాను. వరద తారీఖు దానికి నేర్పితే, మూడో నాడు ఏ రోజో అదే చెప్తుంది కదయ్యా అని. "తాతగారూ, దీంట్లో అలాంటి ఆప్షన్ ఉండదండి" అన్నాడు. 48కె లో పట్టింది, ఇందులో పట్టలేదు. ఎందుకు పట్టలేదంటే జాగా లేక కాదు. అడిగేవాడు ఢిల్లీలో ఉన్నాడు, చెప్పేవాళ్ళు క్యూలో ఉన్నారు, మధ్యలో కుర్రాడికి మార్చే మీట ఇవ్వలేదు.

మొన్న ఒకటో తారీఖున పొద్దున్నే మామ్మ ఫోను టింగుమంది. బ్యాంకు వాళ్ళు, జన్మదిన శుభాకాంక్షలని. చదివి వినిపించాను. అప్పుడు మనం జోషీకి చెప్పాం, ఇప్పుడు అది మనకి చెప్తోంది. ఆవిడ మొదటి ఏడాది, "నేను పుట్టింది వరదలో అయితే వీళ్ళకేం తెలుసు" అని చిరాకుపడింది. రెండో ఏడాది ఊరుకుంది. ఇప్పుడైతే ముందురోజు రాత్రే పప్పు నానబోస్తోంది, బూరెలకి. వరద పుట్టినరోజు శ్రావణమాసం వ్రతాల హడావుడిలో ఏటా మర్చిపోయేవాళ్ళం, దీనికైతే ఫోనే గుర్తుచేస్తుంది. నేనేం మాట్లాడలేదు. బూరెలు తింటూ తారీఖు తప్పని వాదించేవాడు ఎవడన్నా ఉంటాడర్రా?